లోహిత సంచిలో తెల్లకణాలు

లోహితకు ఎక్కుతున్న రక్తంలో ఉండకూడనన్ని తెల్లకణాలు ఉన్నాయి.

డాక్టర్ భానుప్రియ మైక్రోస్కోపు మీంచి తల ఎత్తింది. నమ్మలేక మళ్లీ లెక్కపెట్టింది. తేడా లేదు.

తొమ్మిదేళ్ల లోహితది తలసేమియా. నెలనెలా రక్తం ఎక్కించాలి. దాతల తెల్లకణాలు మాత్రం ఆమె ఒంట్లోకి పోకూడదు. అందుకే మంచం దగ్గర సంచికింద ఫిల్టరు తగిలిస్తారు. ఆ ఫిల్టరు దాటి వచ్చిన రక్తంలోనే ఇన్ని కణాలు!

ఏడాదిగా రక్తం ఎక్కినప్పుడల్లా పాపకు చలిజ్వరం. అంతకంటే ఘోరం ఇంకొకటి జరిగింది. తమ్ముడి ఎముక మూలుగ ఎక్కించి జబ్బు నయం చేద్దామన్న వేలూరు డాక్టర్లు పోయిన వారం చేతులెత్తేశారు. పరాయి కణాలను తరిమేయడం ఈ ఒంటికి అలవాటైపోయింది, తమ్ముడివి కూడా నిలవనివ్వదు అన్నారు.

"ఎవడు మేడం?" లోహిత తండ్రి పెంచలయ్య పళ్లు కొరికాడు. పూతలపట్టు మామిడి మండీలో కాటా వేసే మనిషి. "ఫిల్టరు అమ్మినోడా? రక్తం ఇచ్చినోడా? సెప్పండి. వాడి సేతులు ఇరిసేస్తా."

భానుప్రియ ఫిల్టర్లు మార్చి చూసింది. లాభం లేదు. అవే ఫిల్టర్లను బ్లడ్ బ్యాంకులో పరీక్షించింది. ఒక్కటీ తప్పలేదు. వార్డులో మిగతా పిల్లలకు ఎక్కే రక్తమూ శుభ్రంగానే ఉంది.

ఒక్క లోహితకే ఇలా. అంటే ఎవరో ఏదో చేస్తున్నారు.

ఈసారి తనే మంచం పక్కన కాపు కాసింది.

తిరుపతి మండిపోతోంది. ఊరికి ఆ చివరనున్న బ్లడ్ బ్యాంకు నుంచి ఎప్పటిలాగే పెంచలయ్య ఐసు పెట్టె మోసుకొచ్చాడు.

"ఏమప్పా, పరిగెత్తుకోని వచ్చినావా? రొమ్మంతా తడిసిపోయిండాదే!" అంది నర్సు సుబ్బులమ్మ.

"ఎండ గదా సిస్టర్."

సుబ్బులమ్మ లోహిత బుగ్గ గిల్లింది. "ఈసారన్నా మంచం ఊపకుండా పండుకుంటావా పాపా?"

"నేను యాడ ఊపినా? అదే ఊగతా ఉండాది." లోహిత తండ్రి వైపు తిరిగింది. "నాయనా, దుప్పటి ఇప్పుడే కప్పు."

పెంచలయ్య మెడ దాకా కప్పాడు.

భానుప్రియ పెట్టె తెరిచింది. ఐసు కరగలేదు. సంచి తీసింది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

సంచి వెచ్చగా ఉంది.

"దారిలో ఈ పెట్టె ఎవరు తెరిచారు?"

పెంచలయ్య సంచికేసి చూశాడు. "వెచ్చగా ఉంటే ఏమైతాది మేడం?"

"చల్లగా ఉంటేనే ఫిల్టరు తెల్లకణాలను గట్టిగా పట్టుకుంటుంది. రక్తం వెచ్చబడితే జారిపోతాయి. పాప వణికేది వాటివల్లే. వేలూరులో వద్దన్నదీ వాటివల్లే."

పెంచలయ్య మంచం పక్కన కింద కూర్చున్నాడు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటికేసే చూస్తూ నోరు విప్పాడు.

"ఒకతూరి రక్తం ఎక్కతా ఉంటే 'సల్లగుండాది నాయనా' అని బిడ్డ ఏడిస్తే, ఆ పొద్దు నుంచీ ప్రతిసారీ సంచిని పెట్టెలోంచి తీసి, సొక్కా లోపల రొమ్ముకు అదుముకోని, వెచ్చజేసి తెచ్చింది నేనే మేడం."