సున్నం గీతలు

పొద్దున్నే పరుగుకు సిద్ధమైన గుర్రానికి సున్నం ముసలాయన అడ్డొచ్చాడు.

గుర్రం అన్నది కాలేజీ రోజుల్లో స్నేహితులు పెట్టిన పేరు. నాలుగు వందల మీటర్లలో అప్పట్లో అతన్ని అందుకున్నవాడు లేడు. ఇప్పుడు వయసు నలభై ఆరు. ఇరవై రెండేళ్ల కుర్చీ ఉద్యోగమంతా బొజ్జలో కనిపిస్తోంది.

నాన్న పరుగెత్తేవాడంటే ఎలా నమ్మాలని కూతురు నవ్వేసరికి పౌరుషం వచ్చి బూట్లు దులిపాడు.

మైదానం గోడ మీది రికార్డుల పట్టికలో అతని పేరు ఇంకా ఉంది, రెండో వరుసలో. మొదటి పేరు రంగు ఊడిపోయి చదవడానికి రావడం లేదు. తనకన్నా ఇరవై ఏళ్ల ముందు పరుగెత్తిన ఆ మనిషిని గుర్రం ఎన్నడూ చూడలేదు. అయినా అర సెకను వెనకబడ్డ కడుపుమంట మాత్రం చల్లారలేదు.

ముసలాయన పని ట్రాకు మీద సున్నంతో గీతలు గీయడం. మధ్యమధ్యలో ఆగి, తన మణికట్టు మీద వేళ్లుంచి నాడి లెక్కపెట్టుకుంటాడు.

"ఒక నెల నడవండి బాబూ. తర్వాత పరుగెత్తుదురుగాని."

"నా గుండె ఎన్ని పందేలు చూసిందో నీకేం తెలుసు?"

"ఆ గుండె అప్పటిది బాబూ. నిన్న రెండు చుట్లకే ఎడమ చెయ్యి నొక్కుకున్నారు, చూశాను. ముందు డాక్టరుకి చూపించండి."

గుర్రానికి ఒళ్లు మండింది. గీతలు గీసేవాడు తనకు పరుగు నేర్పడమా? నేరుగా వెళ్లి మైదానం మేనేజరుకు ఫిర్యాదు చేశాడు. మేనేజరు ముసలాయన్ని పిలిపించి నలుగురి ముందూ చీవాట్లు పెట్టాడు. ముసలాయన తల వంచుకుని విన్నాడు.

మర్నాడు మళ్లీ అడ్డొచ్చాడు.

గుర్రం అతన్ని భుజంతో తోసేసి పరుగందుకున్నాడు. సున్నం డబ్బా గడ్డిలో ఒరిగిపోయింది.

మూడో మలుపులో గుండె పట్టుకుని కూలిపోయాడు.

కళ్లు తెరిచేసరికి ఆసుపత్రిలో ఉన్నాడు. మంచం పక్కన, రోజూ మైదానంలో నడిచే నర్సు నిలబడి ఉంది. జరిగింది ఆమే చెప్పింది. అతని గుండె ఆగిపోయింది. ఆమె అతని ఛాతీ మీద నొక్కుతూ ఉంది. గుండెకు షాకిచ్చే పెట్టె ట్రాకుకు అవతల, ఆఫీసు గదిలో ఉంది. అందరూ కొయ్యబారిపోతే ముసలాయన ఒక్కడే పరుగెత్తాడు.

"ఆయనకి రెండుసార్లు గుండెపోటు వచ్చిందట. నడక తప్ప పరుగు కూడదన్నారట. ఆ వయసులో అంత వేగం నేనెక్కడా చూళ్లేదు. పెట్టె నా చేతికిచ్చి అక్కడే కూలబడ్డాడు."

"ఇప్పుడెలా ఉన్నాడు?"

నర్సు తల దించుకుంది.

"మీ తర్వాత ఆయనకీ పెట్టి చూశాం. లాభం లేకపోయింది."

గుర్రం గోడవైపు తిరిగి ఏడ్చాడు. క్షమించమని అడుగుదామంటే మనిషే లేడు.

నెల తర్వాత కూతురి చెయ్యి పట్టుకుని మైదానంలో ఒక్క చుట్టు నడిచాడు. గీతలు సగం చెరిగిపోయాయి. కొత్తవి గీసేవాళ్లింకా దొరకలేదు.

గోడ దగ్గర పెయింటరు నిచ్చెనెక్కి పట్టికకు రంగు వేస్తున్నాడు. కింద మేనేజరు ఒక గుర్తింపు కార్డు ఎత్తి పట్టుకుని ఉన్నాడు. గుర్రం దగ్గరికి వెళ్లి చూశాడు.

కార్డు మీద ఉన్నది సున్నం ముసలాయన ఫోటో, పెయింటరు అందులోని పేరునే ఒక్కో అక్షరం చూసుకుంటూ మొదటి వరుసలో దిద్దుతున్నాడు.