వెనక్కి జారే పాఠం

"మా పిల్ల ఇంక రాదు మాస్టర్ సాబ్," అన్నాడు బస్వరాజ్. చక్రాల బూట్ల జత తెచ్చి అక్రం కాళ్ల ముందు పెట్టాడు. "మీ బూట్లు మీరు తీస్కపోండ్రి."

అక్రం బూట్ల వైపు చూడలేదు. "వచ్చే నెల హైదరాబాద్‌ల పోటీ ఉన్నది. గిరిజను పిలువుండ్రి."

"ఏ మొఖం పెట్టుకొని పంపాలె?"

అక్రం అరుగు మీద కూర్చున్నాడు. బస్వరాజ్ భార్య మహాదేవమ్మ చాయ్ తెచ్చి, అతని మొహం చూడకుండా పక్కన పెట్టి లోపలికి పోయింది. అతను తాగాడు. అది వేడిగా ఉందో చల్లారిందో తెలియలేదు. ఈ మధ్య అతనికి ఏదీ తెలియడం లేదు. బొంబాయి రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ఈ చిరాగ్‌పల్లి దాకా బస్సులో ఎప్పుడెక్కాడో, ఎప్పుడు దిగాడో కూడా సరిగ్గా గుర్తు లేదు.

చివరికి గిరిజే బయటికొచ్చింది. పన్నెండేళ్ల పిల్ల. జహీరాబాద్ గంజ్ వెనక గోదాంలో, నున్నటి షాబాద్ బండల మీద అతను స్కేటింగ్ నేర్పిన పిల్లలందరిలోకీ ఈ పిల్లదే పైచేయి. కాదు, పైకాలు. వచ్చి గోడకానుకుని నిలబడింది.

"ఆ దినం నేను ఎనకకు జారుకుంట పోతున్న సార్," అంది, ఎవరూ అడక్కుండానే. "పిల్లోడు ఎప్పుడు ఉరికొచ్చిండో సూడలే. తగిలినంక సూసిన. అప్పటికే తల బండకు కొట్టుకున్నది."

"ఎనకకు పొయ్యేటప్పుడు మాటిమాటికి మెడ తిప్పకు, తూకం తప్పుతది అని చెప్పిందెవరు?"

"మీరే."

"మరి బరిలకు ఎవరూ రాకుంట సూసుకునుడు ఎవరి పని?"

పిల్ల కింద పెట్టిన బూట్ల వైపు చూసింది.

"నాది," అన్నాడు అక్రం. హాజరు పిలిచినట్టుంది గొంతు. "యాభై ఎనిమిదో సంవత్సరంల నేను బొంబాయి పోటీల ఫస్ట్ వచ్చిన. మరుసటేడు అదే జాగల పడ్డ. మోకాలు పోయింది. మల్ల పోటీల దిగలే. బూట్లు పెట్టెలేసి శాన దినాలు ముట్టలే. ఒకనాడు తీసి తొడుక్కున్న. గట్ల మాస్టర్‌నైన. ఇంకొన్ని దినాలు ఆగితే ఎన్నడు తొడుక్కోకపోదును. నువ్వు ఆగకు బిడ్డా."

"పిల్లోని అమ్మ నన్ను తిట్టదా సార్?"

"తిట్టదు. అడిగే వచ్చిన."

గిరిజ తండ్రి వైపు చూసింది. బస్వరాజ్ భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుని, "పోదాం పా," అన్నాడు. ముగ్గురూ బస్సెక్కారు.

గోదాంలో ఎవరూ లేరు. గిరిజ కట్టుకుంటే తాళ్లు ముడి పడలేదు. అక్రం చెడిపోయిన మోకాలి మీదే వంగి కట్టాడు. పిల్ల మొదట గోడ పట్టుకుని నడిచింది. తర్వాత గోడ వదిలింది. కాసేపటికి, అతను చెప్పకుండానే, వెనక్కి తిరిగి జారింది. చక్రాల చప్పుడు గోదామంతా నిండింది. మెడ తిప్పలేదు. తూకం తప్పలేదు. ఒక్క చోట మాత్రం ఆ బండ తొక్కకుండా పక్క నుంచి పోయింది.

"రేపు గిదే టైముకు రా," అన్నాడు అక్రం.

ఇంటికొచ్చేసరికి భార్య తాజ్ బేగం బియ్యం ఏరుతోంది.

"వచ్చిందా పిల్ల?"

"వచ్చింది."

"బూట్లు తొడుక్కొని తిరిగిందా?"

"తిరిగింది. రేపు కూడ రమ్మన్న."

ఆమె చాట పక్కన పెట్టింది.

"రేపు క్లాసు పెట్టకుండ్రి. కబరుస్తాన్‌కు పోవాలె," అంది. "మన పిల్లోడు పోయి రేపటికి నలభై దినాలు."