మెత్తబడిన ముద్ర

తూర్పు జర్మనీ పోలీసు బ్యారక్సులో ఆ రాత్రి ఆయుధాల గదికి కాపలా ఎకార్ట్‌ది. తలుపు మీది మైనం ముద్దపై సాయంత్రం తనే ఇత్తడి ముద్ర నొక్కాడు. రాత్రి రెండింటికి గస్తీ తిరిగొచ్చి తడిమి చూస్తే, చలికి రాయిలా బిగుసుకోవలసిన మైనం గోరువెచ్చగా, మెత్తగా ఉంది. ఎవరో వేడిచేసి మళ్ళీ అతికించినట్టుంది, కానీ ఇత్తడి ముద్ర మాత్రం తన జేబులోనే ఉంది. ఒక్క తుపాకీ తగ్గినా జైలే.

"ఏంట్రా ఆ చెమటలు? కెప్టెన్ గానీ కల్లోకొచ్చాడా?" అన్నాడు జతగాడు డెట్లెఫ్.

"వాగకుండా వచ్చి లెక్కపెట్టు."

తలుపు తీసి ఇద్దరూ రెండుసార్లు లెక్కపెట్టారు. ముప్ఫైకి ముప్ఫై ఉన్నాయి.

"చూశావా పిరికోడా! పద, టీ తాగుదాం."

ఎకార్ట్‌కి ప్రాణం లేచొచ్చింది. చివరి తుపాకీని సరిగ్గా నిలబెట్టబోతే చేతికి చల్లగా తగిలింది. దాని మడమకు అంటిన బయటి మంచు ఇంకా కరగలేదు. డెట్లెఫ్ చూడకముందే దాన్ని చొక్కా చేతితో తుడిచేశాడు.

"ముప్ఫై," అన్నాడు నవ్వుతూ. "అన్నీ ఉన్నాయి."