ఒకేలాంటి ఫోటోలు

"అక్కా, ఇది చూడండి. ఒకే ఫోటో ఆరు వందల సార్లు!"

ఎర్కిన్‌బెక్ పగలబడి నవ్వాడు.

తాష్‌బులుంగ్ గ్రామ కార్యాలయంలో ఉన్నది ఒక్కటే కంప్యూటర్. అది నిండిపోయి నాలుగు రోజులుగా మొరాయిస్తోంది. శుభ్రం చేయడానికి జిల్లా కేంద్రం నుంచి వచ్చాడతను.

కార్యదర్శి అసిల్‌కాన్ టీ గిన్నె పట్టుకుని తెర మీదికి వంగింది.

మంచుకొండ కింద సరస్సు. నీళ్లలో పాతిన ఒక కర్ర. తర్వాతి ఫోటో అదే. ఆ తర్వాతిదీ అదే.

"ముసాకున్‌వి. పై పచ్చికబీళ్లలో గొర్రెలు కాస్తాడు. మన లోయవాడు కాదు, ఎక్కణ్ణుంచో ఊడిపడ్డాడు. ఇదివరకటి గ్రామపెద్ద జాలిపడి ఇందులో దాచుకోనిచ్చాడు."

"ప్రోగ్రాం కూడా 'నకళ్లు, తీసేయవచ్చు' అంటోంది. మరి ఈ వీడియో ఏమిటి? డిస్కులో పావు వంతు ఇదే మింగేసింది."

"అమ్మో, దాని జోలికి పోకు! మా అమ్మాయి పెళ్లి."

అప్పుడే తలుపు తోసుకుని ముసాకున్ వచ్చాడు. భుజాల మీద తొలిమంచు ఇంకా కరగలేదు.

"రా బాబాయ్, రా. నీ కర్రకి పెళ్లేమైనా చేస్తున్నావా, ఇన్ని ఫోటోలు తీశావు?" అన్నాడు ఎర్కిన్‌బెక్.

ముసాకున్ తెర చూసి కంగారుపడ్డాడు.

"తీసేస్తున్నావా? వద్దు నాయనా. అవి ఒకటి కావు."

"ఒకటి కాకపోవడమేంటి? కర్ర అదే, నీళ్లు అవే."

"నాలుగేళ్ల కిందటిదీ మొన్నటిదీ పక్కపక్కన పెట్టి చూడు. ఒక్కసారి."

"నాకు వేరే పని లేదా? ఇంటికెళ్లి నువ్వే చూసుకో."

"నా ఫోన్‌లో ముప్పైకి మించి పట్టవు. మిగతావన్నీ ఇక్కడే ఉన్నాయి."

"ఫోటోలు నీకూ, గొర్రెల కంపు మాకూనా?" అంది అసిల్‌కాన్. "మీ ఊరికి పోయి దాచుకోరాదూ? నీవాళ్లంటూ ఎవరూ లేరా?"

ముసాకున్ తల వంచుకున్నాడు.

శాశ్వతంగా తొలగించాలా అని అడిగింది తెర. ఎర్కిన్‌బెక్ ఆయన వైపే చూస్తూ 'అవును' నొక్కాడు.

ఫోటోలన్నీ పోయేదాకా ముసాకున్ కదల్లేదు.

"ఇవాళ కొత్తది తెచ్చాను," అన్నాడు మెల్లగా. "దీంతో మళ్లీ మొదలుపెట్టుకోనా?"

ఇద్దరూ ఫక్కున నవ్వారు. ముసాకున్ టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఏటా మంచు పడగానే కింది కొట్టానికి దిగి వచ్చేవాడు. ఆ ఏడు గొర్రెల్ని వేరేవాళ్లకు అప్పగించి, తను మాత్రం సరస్సు దగ్గరే ఉండిపోయాడు. మార్చిలో కాపర్లు వెళ్లి చూస్తే, రాళ్ల గుడిసెలో కొయ్యబారిపోయి ఉన్నాడు. జనాజా నమాజుకు ఐదుగురు వచ్చారు. అసిల్‌కాన్ వెళ్లలేదు.

మే నెలలో రాజధాని నుంచి బెగిమాయ్ అనే భూగర్భ శాస్త్ర నిపుణురాలు జీపులో వచ్చింది.

"మీ ఊరి పైన ఉన్న సరస్సు గురించి ముసాకున్ గారు నిరుడే ఉత్తరం రాశారు. నాలుగేళ్ల ఫోటోలు మీ కంప్యూటర్‌లో ఉన్నాయట. వారం వారం మట్టం ఎంత పెరిగిందో చూపిస్తే చాలు, ఈ వేసవిలోనే కాలువ తవ్వించి నీళ్లు తగ్గిస్తాం."

అసిల్‌కాన్ కంప్యూటర్ వైపు చూసింది.

"తీసేశాం. అన్నీ ఒకేలా ఉంటేనూ..."

"పోనీ, ఆయన్ని పిలవండి."

"ఆయన పోయారు."

బెగిమాయ్ కాగితాలు సంచిలో పెట్టుకుంది.

"రుజువు లేకుండా మీ సరస్సును తెగే ప్రమాదమున్నవాటి జాబితాలో ముందుకు జరపలేను. ఇలాంటివి ఇంకా ముప్పై ఉన్నాయి. వచ్చే ఏడు చూద్దాం."

"వచ్చే ఏడా? ఏటి ఒడ్డునే మా అమ్మాయి ఇల్లు!"

బెగిమాయ్ జీపు ఎక్కింది. అసిల్‌కాన్ వెంట పరుగెత్తి తలుపు పట్టుకుంది.

"మరి ఆయన మాతో గట్టిగా చెప్పొచ్చుగా! అయినా మేం ఆయనకేమవుతామని, మా కోసం అంత చలిలో కూర్చున్నాడు?"

"పదకొండేళ్ల కిందట కారాజార్ పైన సరస్సు తెగి ఊరు ఊరంతా కొట్టుకుపోయింది, విన్నారా?" అంది బెగిమాయ్. "నీళ్లు పెరుగుతున్నాయని ఒకాయన ఇంటింటికీ తిరిగి మొత్తుకుంటే, రుజువేదని అందరూ నవ్వారు, కట్టుకున్న భార్య కూడా నమ్మక పిల్లలతో ఇంట్లోనే ఉండిపోయింది, ఆ ఊళ్లో మిగిలిన ఆ ఒక్కడే ముసాకున్."