టికెట్టు కొన్న మనిషి

రెండో గంట కొట్టారు. మూడోది కొడితే తెర లేవాలి. అది కొట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

మహారాష్ట్రలోని సాంగ్లీలో ఆదివారం నాలుగు గంటల ఆట. హాలు గేటు దగ్గర పదిహేను మంది, మెడలో కండువాలు, చేతుల్లో సిరా సీసాలు.

"మా రాజుని రాణి చేత తిట్టిస్తారా? నాటకం ఆపండి" అని ఒకటే అరుపులు.

ఇవాళ ఆగితే ఇక ఏ ఊళ్ళోనూ ఆ నాటకానికి హాలు ఇవ్వరు. ఆ సంగతి నాటకం వాళ్ళందరికీ తెలుసు.

తెలిసీ, దాన్ని రాసి ఆడిస్తున్న యశవంత్ మోఘే మేకప్ గదిలో దూరి గడియ పెట్టుకున్నాడు. రాజు వేషగాడూ సేనాపతి వేషగాడూ అతని వెనకే దూరారు. అట్ట కత్తులు బయట బల్ల మీదే ఉండిపోయాయి.

రాణి వేషం కట్టిన కుందా ఒక్కతే వరండా కిటికీ దగ్గర నిలబడింది.

ఇక చూడ్డానికి వచ్చిన జనం సంగతి చెప్పుకుంటేనే సిగ్గుచేటు. పొట్లాల్లో భేల్‌పూరీ నములుకుంటూ, ఏమీ ఎరగనట్టు, ఒక్కొక్కరే గోడవారగా జారుకున్నారు.

ఒక ముసలాయన మాత్రం తిన్నగా గేటు దగ్గరికి వచ్చాడు. నలిగిన చొక్కా, భుజాన గుడ్డసంచీ.

"కాస్త దారివ్వండి. ఆట వేళయింది."

"ఆటా లేదు, గీటా లేదు. ఇంటికి పో తాతా" అన్నాడు ముఠా నాయకుడు బబన్.

"టికెట్టు కొన్నాను."

"చెత్త నాటకానికి టికెట్టెందుకు కొన్నావ్?"

"చెత్తని నీకెలా తెలుసు? చూశావా?"

"చూడక్కర్లేదు. పేపర్లోనే వేశారు." బబన్ జేబులోంచి ఒక కత్తిరింపు తీసి ఆయన ముక్కు ముందు ఊపాడు. "ఫణసే రాశాడు. పెద్ద కవి, ఈ జిల్లాలో నాటకాల మంచీచెడ్డా చెప్పేది ఆయనే. రాజు చెక్కబొమ్మంట, మాటలన్నీ అరువంట. చదువుకో."

"ఆడకూడదని రాశాడా?"

బబన్ కాగితం తిప్పి చూశాడు. వెనక సబ్బు ప్రకటన తప్ప ఏమీ లేదు.

"బాగోలేదని చెప్పాలన్నా ముందు ఆడనివ్వాలి కదా. జరుగు" అంటూ ముసలాయన అడుగు ముందుకేశాడు.

సీసా మూత తీసి మొహాన కుమ్మరించారు. జుట్టు, కళ్ళు, చొక్కా, అన్నీ నల్లబడ్డాయి. వాళ్ళు వెంట తెచ్చుకున్న ఫొటోగ్రాఫరు "తాతా, ఇటు తిరుగు" అని రెండు ఫొటోలు తీశాడు.

ఎవరి మొహమైతేనేం, రేపటి పేపరుకి నల్లటి మొహం ఒకటి దొరికింది. వచ్చిన పని అయిపోయినట్టు, ఒకడి భుజం ఒకడు తట్టుకుని నవ్వుకుంటూ టీ దుకాణానికి నడిచారు. కుందా కిటికీలోంచి ఇదంతా చూస్తూనే ఉంది.

ముసలాయన కళ్ళు మాత్రం తుడుచుకున్నాడు. లోపలికెళ్ళి, నాలుగో వరుసలో తన నంబరు వెతుక్కుని కూర్చున్నాడు.

కుందా పరుగున వెళ్ళి మూడో గంట తనే కొట్టింది.

గేటు ఖాళీ అయిందని తెలిసి లోపలివాళ్ళు గడియ తీశారు. ఆట సాగింది. జారుకున్న జనం సగం మంది తిరిగొచ్చారు. ఆయన పక్క కుర్చీల్లో మాత్రం ఎవరూ కూర్చోలేదు, బట్టలకు అంటుతుందని.

తెర పడ్డాక కుందా, తనవాళ్ళు దాక్కున్న సంగతి చెబుతూ, ఆయన్ని మేకప్ గదికి పిలుచుకొచ్చింది.

"రండి కాకా. మా రంగులు కొబ్బరినూనెతో పోతాయి. ఇదీ పోతుందేమో చూద్దాం."

చప్పట్లు విన్నాక యశవంత్‌కి గొంతు లేచింది.

"గేటు దగ్గర గొడవ పెట్టుకుంది మీరేనా? ఈ వయసులో మీకెందుకండీ ఇవన్నీ? మీరు రెచ్చగొట్టకపోతే వాళ్ళే పోయేవాళ్ళు. కాస్త ఆ కుర్చీకి అంటకుండా చూసుకోండి, అద్దెది."

"సిగ్గుండాలి యశవంత్ దాదా" అంది కుందా.

"నాకెందుకు సిగ్గు? ఆ ఫణసేకి ఉండాలి. వాడి కవిత్వం చదివే దిక్కులేదు, ఆ కడుపుమంట మన మీద తీర్చుకుంటాడు. పాసు పంపితే తిప్పి పంపిస్తాడు. ఎప్పుడొస్తాడో, ఎక్కడ కూర్చుంటాడో, ఒక్కడైనా చూశాడా? వాడి రాతలు పట్టుకునే కదా వీళ్ళు మీద పడింది. దొరకనీ, వాడి మొహానికి నా చేత్తో సిరా పూస్తాను."

ముసలాయన నూనె దూదితో చెంప రుద్దుకుంటున్నాడు. నలుపు వదల్లేదు. దూది బల్ల మీద పెట్టి, సంచీ భుజానికి తగిలించుకుని లేచాడు.

"మీకా శ్రమ అక్కర్లేదు బాబూ. ఇందాక మీరు లోపల గడియ పెట్టుకున్నప్పుడు, వాళ్ళే నాకు పూసేశారు."