ప్రార్థన మనవి

మూడోసారి కూడా బండి ఇసుక దిబ్బ సగంలోనే ఆగిపోయింది. వెనకున్న ట్రైలర్ కిందికి లాగేస్తోంది. జ్ఞానరాజు రివర్సులో దింపి, స్టీరింగ్ మీద తల ఆనించాడు. పొద్దుటినుంచి ఈ ఆస్ట్రేలియా ఎడారిలో ఇరవై దిబ్బలు దాటించాడు. ఇక చేతులు లేవడం లేదు.

"లేవండి, నేను నడుపుతా," అంది భార్య సువర్ణకుమారి.

"నువ్వా? నిరుడు నువ్వు నడుపుతుండగా యాక్సిడెంట్ అయినప్పట్నించీ నీకు భయం కదా."

"నాకు భయమని ఎవరు చెప్పారండీ?"

"పెర్త్‌లో చర్చి మొత్తం ఏడాదిగా నీ భయం పోవాలని ప్రార్థన చేస్తుంటే..."

"చర్చిలో ఆ ప్రార్థన మనవి ఇచ్చింది మీరు. నన్ను ఒక్కరైనా అడిగారా? కారు తాళాలేమో మీ జేబులో, ఆమెన్ అనడం మాత్రం నేను."

ఆ యాక్సిడెంట్ తర్వాత నెలల తరబడి రాత్రుళ్లు ఉలిక్కిపడి లేచింది జ్ఞానరాజే. పక్కన ఆమె హాయిగా నిద్రపోతూ ఉండేది.

దిగి, స్టీరింగ్ ఆమెకి వదిలి, అటువైపు వెళ్లి కూర్చున్నాడు.

"రేడియోలో చెప్పండి. దిబ్బ అవతల్నించి ఎవరైనా ఎదురొస్తారేమో."

బండిలోని టూ-వే రేడియో మైకు నొక్కి, ట్రైలర్‌తో దిబ్బ ఎక్కుతున్నామని ఇంగ్లీషులో చెప్పాడు. గొంతు వణికింది.

"యూ ఓకే, మేట్? డ్రైవర్ ఆల్‌రైట్?" రేడియోలో ఎవరో ముసలాయన గొంతు.

బండి కదిలింది. జ్ఞానరాజు స్టీరింగ్ మీద నిలకడగా ఉన్న ఆమె చేతుల వైపు చూశాడు.

"డ్రైవర్ ఈజ్ ఫైన్," అని చెప్పి మైకు వదిలేశాడు. ఆమెతో మెల్లగా అన్నాడు, "భయం నాకే, సువర్ణా."

"తెలుసు. బెల్టు పెట్టుకోండి."