గీటు పెట్టిన బ్యాటరీ

"చెవి మిషన్ పనిచేయడం లేదురా," అంది టీచరమ్మ, డాక్టరు గది బయట బల్ల మీద కూర్చుని, దారి హోరు పడక ఇంటి దగ్గరే తీసి డబ్బాలో పెట్టుకొచ్చిన దాన్ని చెవికి తగిలించుకోగానే.

కొడుకు ఆమె వైపు తిరగలేదు. కోడలు మాత్రం ఆమె చేతి మీద చెయ్యి వేసి, ఇంటికెళ్ళాక చూద్దామన్నట్టు సైగ చేసింది. చేస్తూనే మొహం పక్కకు తిప్పుకుంది.

టీచరమ్మకు కుడి చెవి ఎప్పుడో పోయింది. ఎడమ చెవి వెనక ఈ చిక్కుడు గింజంత మిషన్ ఉంటేనే మాట, లేకపోతే మనుషులంతా నోళ్ళు కదిలించే బొమ్మలు. అందుకే దాన్ని కంటికి రెప్పలా చూసుకుంటుంది. పడుకునే ముందు బ్యాటరీ తలుపు తెరిచి, పొడిగుడ్డతో తుడిచి, తేమ పీల్చే గుళికలున్న డబ్బాలో పెడుతుంది. వారానికోసారి చెవిలో పెట్టుకునే అచ్చును విడదీసి, గోరువెచ్చని సబ్బునీళ్ళలో కడిగి, గొట్టంలో చుక్క నీరు మిగలకుండా ఊదుతుంది. ముప్పై ఏళ్ళు టైపు నేర్పిన మనిషి మరి. ఒక్క అక్షరం తప్పినా కాగితం మొత్తం మళ్ళీ కొట్టించేది. మొన్ననే బ్యాటరీ మార్చింది కూడా. పది రోజులు రావలసింది మూడో రోజుకే ఎలా అయిపోతుంది?

మిషన్ తీసి గుప్పిట్లో మూసింది. ప్రాణం ఉంటే కీచుమని అరవాలి. చేతికి ఏ అదురూ తెలియలేదు. బ్యాటరీని అరచేతిలోకి దులిపి కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. దాని వీపు మీద పిన్నుతో గీసిన గీటు.

ఆ గీటు ఆమెదే. అయిపోయిన బ్యాటరీలకు అలా గీటు పెట్టి పాత పౌడరు డబ్బాలో వేస్తుంది, కొత్తవాటితో కలవకుండా. ఆ గీటు సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియకనే, ఎవరో ఆ డబ్బాలోంచి ఒకటి తీసి ఇందులో పెట్టారు.

టీచరమ్మ మిషన్‌ని పర్సులో వేసుకుని కూర్చుంది. పోయిన వారం ఇక్కడే తన చేతినుంచి నాలుగు గొట్టాల రక్తం తీశారు. ఈ వయసులో ఓసారి అన్నీ చూపించుకోవాలని కోడలు బతిమాలితే సరేనంది. ఆ రోజునుంచీ వంటింట్లో ఇద్దరివీ గుసగుసలే. తను వెళ్ళగానే గిన్నెల వైపు తిరిగేవారు. ఇందాక మెట్లెక్కుతుంటే కొడుకు మధ్యలో రెండుసార్లు ఆగాడు, తన కోసం. ఎన్నడూ లేని జాలి. ఇంకేముంది, రాకూడనిదేదో తనకు వచ్చింది. ఆ మాట చెవిన పడకూడదని ఏకంగా చెవినే మూసేశారు.

చావంటే ఆమెకు అంత భయం లేదు. కానీ తన చావు కబురు తనకు తప్ప అందరికీ తెలియడం ఆమె సహించలేదు.

"బాత్రూంకి వెళ్ళొస్తా," అంది లేస్తూ. కోడలు కూడా లేవబోయింది. "నువ్వు రానక్కర్లేదు. చెవులు పోయాయి గానీ కాళ్ళున్నాయి."

లోపల గడియ వేసి, పర్సు అరలోంచి కొత్త బ్యాటరీ తీసి, వెనకున్న కాగితం పీకింది. వెంటనే పెట్టకూడదు. నిమిషంసేపు గాలి తగలాలి, అప్పుడే మేలుకుంటుంది. గడియారం ముల్లు చూస్తూ నిలబడింది. ఆ నిమిషం ఎంతకీ కదలలేదు. తరవాత అచ్చును ముందు చెవిలో బిగించుకుని, అప్పుడు బ్యాటరీ తలుపు మూసింది. వరస తప్పితే అది కూత పెట్టి తలుపవతలి వాళ్ళకు కూడా చెప్పేస్తుంది. మిషన్ మేలుకున్నట్టు చెవిలో సన్నగా నాలుగుసార్లు గంట మోగింది. కుళాయి చుక్కలు, బయట తోపుడు మంచం చక్రాలు, అన్నీ ఒక్కసారి వచ్చి పడ్డాయి.

తిరిగి వచ్చేసరికి వాళ్ళిద్దరూ డాక్టరు గదిలో ఉన్నారు. ఆమె వెళ్ళి ఖాళీ కుర్చీలో కూర్చుని, ఏమీ వినబడనప్పుడు చుట్టాల మధ్య పెట్టుకునే చిరునవ్వు పెట్టుకుంది.

డాక్టరు ఆమెను పలకరించాడు. ఆమె అయోమయంగా కొడుకు వైపు చూసింది.

"అమ్మ మిషన్ ఇవాళ పాడైందండీ. మీరు నాతోనే చెప్పండి," అన్నాడు కొడుకు, ఒక్క అక్షరం తడబడకుండా.

డాక్టరు కాగితాలు తిప్పుతున్నాడు. ఆమె పర్సును గట్టిగా పట్టుకుంది. ఏడాదంటే ఫరవాలేదు. ఆర్నెల్లన్నా సర్దుకోవచ్చు. చిరునవ్వు మాత్రం చెదరకూడదు.

"ఆవిడ రిపోర్టులన్నీ చూశాను. గుండె, ఊపిరితిత్తులు, షుగరు, బీపీ... ఒక్కదానికీ వంక పెట్టడానికి లేదు."

బయటికి రాబోయిన నిట్టూర్పును ఆమె గొంతులోనే నొక్కేసింది. పక్కన కోడలు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఇంత మంచి కబురుకు ఏడుపెందుకు? తన చెవి ఎందుకు మూసినట్టు?

"ఇక మిగిలింది ఆవిడతో మాట్లాడటమే. అందుకే తీసుకురమ్మన్నాను," అన్నాడు డాక్టరు. "అసలు ఇంతవరకు ఆవిడకు చెప్పారా?"

కొడుకు తల్లి వైపు చూశాడు. ఆమె ఏమీ వినబడనట్టు నవ్వుతూనే ఉంది. అతనూ నవ్వి, డాక్టరు వైపు తిరిగాడు.

"చెప్పలేదు, చెప్పను కూడా. నా కిడ్నీలు రెండూ పాడయ్యాయని తెలిస్తే, ఈ క్షణమే తనది తీసుకోమంటుందండీ మా అమ్మ."